‘లేదు’ గడిలో టిక్కు

గోడకున్న టీవీలో ఆ పెద్దాయన ఆపిల్ పండు కొరకడం ఇది పదకొండోసారి. మాట వినపడదు, కొరకడం ఒక్కటే కనపడుతుంది. కొరుకుతాడు, నవ్వుతాడు, అంతలో బొమ్మ మొదటికొచ్చి పండు మళ్ళీ నిండుగా ఉంటుంది, మళ్ళీ కొరుకుతాడు. కింద ఎర్రటి అక్షరాలు పరుగెడుతుంటాయి, ఒక్క రోజులో నోటినిండా కదలని పళ్ళు, ఇక హాయిగా నవ్వండి అని. ఎవర్ని నవ్వమంటున్నాడు. నా పక్కన చెంప పట్టుకు కూర్చున్న ముసలావిడనా, లోపల కుర్చీలో వెల్లకిలా పడుకున్న మా అమ్మనా. లేచి ఆ టీవీ తీగ పీకెయ్యాలనుంది. పీకను. ఒడిలో సంచీ, సంచీలో ఫైలు, దాని మీద నా రెండు చేతులు, బస్సులో కోడిపిల్లల బుట్టని అదిమి పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాను. ఏలూరులో ఇన్ని ఆసుపత్రులుంటే మేం మెట్లెక్కి వచ్చింది దీనికి. కింద చెప్పుల కొట్టు, పైన పళ్ళు. అమ్మని లోపలికి తీసుకెళ్ళి పది నిమిషాలైంది. ముందు మత్తు సూది వేస్తారట, దవడ తిమ్మిరెక్కేదాకా కాసేపు ఆగుతారట, తరవాత కింది దవడ ఎముకలో నాలుగు మరలు దించి వాటి మీద పళ్ళు బిగిస్తారట. దించేశాక ఇంక చెప్పడానికేం ఉండదు. చెప్పేదేదో ఆ సూదికీ ఆ మరకీ మధ్యనే చెప్పాలి.

కాగితం నాకే ఇచ్చారు, చదువుకున్నదాన్ని కదా. మా ఊరి హైస్కూలు చదువు నాది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను, అయినా చదువుతాను. షుగరు, బీపీ, గుండెజబ్బు, ఒక్కోదానికి ఎదురుగా రెండు గళ్ళు, ఉంది, లేదు. తొమ్మిదో వరసలో తలకి గాని మెడకి గాని రేడియేషన్ ఇచ్చారా అని. పెన్ను అక్కడ ఆగిపోయింది. జగ్గారావు మావయ్య, అమ్మ తమ్ముడు, నా భుజం మీంచి చూస్తున్నాడు. “లేదని పెట్టమ్మా దుర్గా,” అన్నాడు, మంచినీళ్ళు అడిగినంత మెల్లగా. నేను పెట్టలేదు. ఉందనీ పెట్టలేదు. ఆ వరస ఖాళీగా వదిలేసి మిగతావన్నీ పూర్తిచేసి ఇచ్చాను. అదీ నేను. కౌంటరు దగ్గరి అమ్మాయి, నిర్మల అని బిళ్ళ మీద రాసుంది, “తొమ్మిదోది వదిలేశారేంటండీ?” అంది. “అబ్బే, అలాంటివేం లేవండీ, బీపీ ఒక్కటేనండి,” అన్నాడు మావయ్య. ఆ అమ్మాయి తలెత్తకుండా లేదు గడిలో తనే టిక్కు పెట్టేసింది. చీమంత గీత. అమ్మ గోడవంక చూస్తోంది, కొంగు మెడచుట్టూ బిగించి. రోహిణీ కార్తె ఎండల్లో మెడచుట్టూ కొంగు కప్పుకున్న మనిషిని, ఉక్కపోయడం లేదా అమ్మా అని ఒక్కళ్ళు అడగలేదు.

అలాంటివేం లేవట. మాకు ఎప్పుడూ అది అలాంటిదే. నోట్లో పుండు అన్నాం, తరవాత గడ్డ అన్నాం, ముక్క తీసి పరీక్షకి పంపి కాగితం వచ్చాక, అందులో పేరు నేను చదివాక, ఆ జబ్బు అన్నాం, తరవాత అదీ మానేసి అలాంటిది అన్నాం. సూర్యకాంతం పెద్దమ్మ ఫోను చేసి, “ఆ పేరు నోట్లోంచి రానివ్వకండే, పిలిచినట్టుంటుంది,” అంది. పిలవకుండానే వచ్చింది కదా. అమ్మ పన్నెండేళ్ళ వయసులో కామవరపుకోటలో పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర కర్రలకి ఆకు కట్టే పనికి వెళ్ళి, ఆకలి తెలీకుండా ఉంటుందని పక్కనున్న ఆవిడెవరో ఇచ్చిన పొగాకు కాడ బుగ్గన పెట్టుకున్నప్పుడు వచ్చింది. పెళ్ళై కొల్లేటి పక్కకి వచ్చినా ఆ బుగ్గ ఖాళీగా ఉండింది లేదు, కుడి బుగ్గ. ఆ కాలం పిల్లలందరి బుగ్గల్లోనూ ఉండేదట. బ్యారన్ యజమాని చూసి నవ్వి ఊరుకునేవాడట, కడుపు మాడుతోందనకుండా పని చేస్తారు కదా. మావయ్య ఇప్పుడు పొగాకు మానేసి పామాయిల్ తోట వేశాడు, పెదవేగి నుంచి మొక్కలు తెచ్చి. తోట మారింది. బుగ్గ మారలేదు.

గుంటూరులో కోసి తీశారు, తరవాత ముప్పై మూడు రోజులు రేడియేషన్ పెట్టారు. అమ్మ మొహానికి అచ్చు తీసి వలలాంటి ముసుగు చేశారు, రోజూ దాన్ని మొహం మీద పెట్టి బల్లకి బిగించి అందరూ బయటికి వచ్చేసేవాళ్ళు. తలుపు మూసుకునేది. బయట బెంచీ మీద నేను. ఎర్ర దీపం వెలిగినంతసేపూ ఒకటీ రెండూ లెక్కపెట్టుకునేదాన్ని, వల్లో పడ్డ చేప కూడా కాసేపు కొట్టుకుంటుంది, ఆవిడకి కదలడానికే లేదు. చివరిరోజు శాలిని డాక్టరుగారు అమ్మతో కాదు, నాతో చెప్పారు. “ఈ దవడ ఇంక మామూలు దవడ కాదమ్మా. దీనికి రక్తం సరిగా అందదు. పన్ను పీకినా, గుచ్చినా, కోసినా మానకపోవచ్చు, ఎముక చచ్చిపోవచ్చు. నోట్లో ఎవరు ఏం చెయ్యబోయినా ముందు మాకు చెప్పాలి.” ఎన్నాళ్ళు అలా చూసుకోవాలండీ అని అడిగాను. “ఎప్పటికీ,” అన్నారు. పళ్ళు కావాలనుకున్నా దారి ఉంటుందనీ, దవడలో ఎక్కడ ఎంత మోతాదు పడిందో కాగితంలో ఉందనీ, అది చూసుకుని కుదిరేచోటే పెట్టాలనీ కూడా అన్నారు. ఆ కాగితం నా చేతుల కింద ఉంది. ఫైలు అంచు గుచ్చుకుంటోంది. ఎందుకు నాతో చెప్పారు. ఇంట్లో నోరున్నవాళ్ళు ఇంతమంది ఉండగా నాతో ఎందుకు.

ముందు ఉమ్మి ఎండిపోయింది. సీసా నీళ్ళు చేతిలో లేకుండా అమ్మ ఇప్పుడు నాలుగు మాటలు మాట్లాడలేదు. ఆ తరవాత పళ్ళు. పుచ్చిపోయి కాదు, సుద్దముక్కలు విరిగినట్టు చిగురు దగ్గర విరిగి రాలేవి, పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే కాలవ గట్టు మీద రాలేవి, అమ్మ ఇసకతో కప్పేసేది. కట్టుడు పళ్ళు పెట్టిస్తే ఉమ్మి లేని నోట్లో అవి నిలవలేదు, ఒరుసుకుని పుళ్ళు పడ్డాయి. రెండుసార్లు విసిరికొట్టి మూడోసారి డబ్బాలో పెట్టేసింది. కుడివైపు చివర ఒక దంతం మిగిలింది. అది నొప్పి చేసింది. ముందటేడు కార్తీకంలో. గుంటూరు వెళ్దామన్నాను. పన్ను నొప్పికి గుంటూరేంటే, మన జ్ఞానయ్యగారు లేరూ అంది. మా ఊరి ఆర్ఎంపీ జ్ఞానయ్యగారు మంచివారు, పిలిస్తే సైకిలు మీద వస్తారు. అలాంటిది ఆయనకి చెప్పకే, ఊరంతా మళ్ళీ మొదలుపెడతారు అంది అమ్మ. ఆయన నన్నే అడిగారు, “ఏమ్మా, అమ్మకి ఇంకేం ఇబ్బందులు లేవు కదా? పీకెయ్యనా?” అని. నేను తల ఊపాను. మాట కూడా కాదు, తల. టక్కున వచ్చేసింది దంతం. ఆ గుంట పదకొండు నెలలు పూడలేదు. వాసన. పక్కన కూర్చుని అన్నం కలుపుతుంటే వచ్చే వాసన, అమ్మకి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని అమ్మకి తెలుసు. ఒకరోజు పప్పన్నం నములుతూ ఆగి, వేళ్ళతో నోట్లోంచి ఏదో తీసి, “పప్పులో రాయి ఏరలేదేంటే,” అంది. రాయి కాదు. కడిగి చూశాను. చేప ముల్లంత ఎముక, అమ్మదే. కాలవలో పారేశాను, ఎవరికీ చెప్పలేదు. జ్ఞానయ్యగారికి తెలిస్తే పీకేవారు కాదు. ఆయన్ని తిట్టుకుందామని చాలా ప్రయత్నం చేశాను. ఆయన అడిగారు కదా.

మరి ఎందుకు కావాలి ఆవిడకి పళ్ళు, అంత మొండిగా. జావ తాగచ్చు, మెత్తగా పిసికిన అన్నం తినచ్చు, తింటోంది కూడా. గూడెంలో పళ్ళ డాక్టరుగారు అదే అన్నారు, బతికున్నారు కదమ్మా, అదే గొప్ప అని. అలా అన్నందుకు ఆయన్ని చొక్కా పట్టుకుని ఎండాకాలపు దాళ్వా వరి కోతలప్పుడు మా ఊరి రోడ్డు మీద నిలబెట్టాలి. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో మా మడిచెక్కలు, చెరువుల ఊట ఎప్పుడూ మా చేలోకే, ఎంత ఎండబెట్టినా ధాన్యంలో తేమ. రోడ్డు మీద బరకాలు పరిచి ఆరబోస్తాం. గూడెం నుంచి కొనేవాళ్ళు వస్తారు, వాళ్ళ మనిషి తేమ చూసే మిషన్లో గుప్పెడు పోసి, “ఇరవై రెండు చూపిస్తోందండీ, మరి మీ ఇష్టం,” అంటాడు. పదిహేడు దాటితే ధర తెగ్గొట్టడమే. అప్పుడు అమ్మ వంగి రాశి లోపలి నుంచి నాలుగు గింజలు తీసి, ఊది, ఒక్కొక్కటే దంతాల మధ్య పెట్టి కొరికేది. టక్కున విరిగితే ఎండినట్టు. నలిగి పంటికి అంటుకుంటే పచ్చి. కళ్ళు మూసుకుని కొరికేది. “పదహారున్నర. నీ మిషనుకి జొరమొచ్చిందేమో చూసుకో నాయనా,” అనేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆ మనిషి కూడా నవ్వి, మిషను దులిపి మళ్ళీ పోసేవాడు, రెండోసారి పదిహేడే చూపించేది. పక్క చేలవాళ్ళు, పక్క ఊరివాళ్ళు, రత్నాంబగారొచ్చి ఒక్క గింజ కొరికి చెప్పాలండీ అని బండి తెచ్చి మరీ తీసుకెళ్ళేవాళ్ళు. నాన్న పోయాక మా ఇంటిని నిలబెట్టింది ఆ నాలుగు పళ్ళే. పోయిన దాళ్వాకి కూడా రోడ్డు మీదికి వెళ్ళింది. గింజ నోట్లో వేసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది, చిగుళ్ళతో అదిమింది. గింజ అలాగే ఉంది. అరచేతిలోకి తీసుకుని నాకిచ్చి, “నువ్వు కొరుకు,” అంది. కొరికాను. నాకేం తెలియలేదు. పదిహేడో ఇరవైయ్యో నా పళ్ళకి తెలియలేదు. మిషను మనిషి గోడ మీద బొద్దింకని చూసినట్టు మమ్మల్ని చూసి, “ఇరవై మూడండీ,” అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని అమ్మని చూడటం నాకు అదే మొదలు, దానికంటే ఆ ముసుగులో చూడటమే నయం.

అందుకే గూడెం వెళ్ళాం. గూడెం డాక్టరుగారు ఫైలు చూసి కుర్చీ వెనక్కి జరిపారు. “రేడియేషన్ అయిన దవడండీ, నేను ముట్టుకోను,” అన్నారు. ఎవరు ముట్టుకుంటారో చెప్పలేదు. గుంటూరు వెళ్ళి అడగండి అని కూడా అనలేదు. ప్రభుత్వం ఇచ్చిన ఆసుపత్రి కార్డు మీద జరుగుతుందేమోనని అక్కడి కౌంటర్లో మనిషిని అడిగితే, కోతకీ రేడియేషన్‌కీ వస్తుందిగాని పళ్ళు అందం కిందికొస్తాయండీ అన్నాడు. అందానికట. నమలడం అందమట. మెట్లు దిగుతూ అమ్మ ఏడ్చింది, ఉమ్మి లేని మనిషికి కన్నీళ్ళు మాత్రం ఎక్కడినుంచి వస్తాయో. మావయ్యకి అక్క ఏడిస్తే నిలవదు, చిన్నప్పుడు బ్యారన్ కూలి డబ్బులతో ఆవిడే ఆయన్ని చదివించింది. వారం తిరక్కుండా ఈ ఏలూరు బోర్డు చూసొచ్చాడు. “ఫైలు చూపిస్తేనే కదక్కా వద్దంటున్నారు, చూపించకుండా ఉంటే సరి,” అన్నాడు. ఎంత సులువు. నిన్న సాయంత్రం గేదెకి కుడితి పెడుతుంటే అమ్మ నా వెనకాల నిలబడి, “ఏమే, రేపక్కడ నోరు తెరిచావంటే నామీద ఒట్టే,” అంది. ఒట్టు పెట్టిందిగాని నా చెయ్యి పట్టుకోలేదు. నేను ఫైలు సంచిలో ఎందుకు పెట్టానో నాకే తెలీదు. ఆవిడ చూసింది, పెట్టడం చూసింది. తియ్యమనలేదు. భయం ఆవిడకీ ఉందని ఇప్పుడు తట్టింది.

లోపల గాజు తలుపు వెనక ఏదో మోగింది. పల్చటి కూత, బియ్యం మిల్లు దూరంగా తిరుగుతున్నట్టు, మళ్ళీ ఆగింది. సరిచూస్తున్నారేమో. మావయ్య ఫోన్లో పామాయిల్ గెలల కోత గురించి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. టీవీలో పెద్దాయన పండు కొరికాడు. మళ్ళీ కూత మొదలైంది, ఈసారి కింది స్థాయిలో, దేనికో ఆనేముందు ఉండే మోత. నేను తల ఊపాను అప్పుడు. జ్ఞానయ్యగారి ముందు, తల, ఇలా, కిందకీ పైకీ. ఇప్పుడు నా మెడ కదలడం లేదు. లేచాను. “అమ్మా, లోపలికి వెళ్ళకూడదండీ,” అంటోంది నిర్మల. “దుర్గా!” మావయ్య. తలుపు బరువుగా ఉంటుందనుకున్నాను, వేలితో తోస్తే తెరుచుకుంది.

పెద్ద దీపం కింద అమ్మ నోరు తెరుచుకుని ఉంది. మెడ మీది కొంగు తీసేశారు. నల్లగా కమిలిపోయి, తోలులా బిగుసుకున్న చర్మం, చెవి కింద నుంచి గొంతు దాకా కోత గీత, దీపం వెలుగంతా దాని మీదే. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు డాక్టరుకి. చేతిలో మర తిప్పే పరికరం. “రేడియేషన్ ఇచ్చారండీ,” అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది, చాలా గట్టిగా. “ముప్పై మూడు రోజులు ఇచ్చారు. ఒక పన్ను పీకితేనే పదకొండు నెలలు మానలేదు. ఎముక ముక్క ఊడొచ్చింది. కాగితాలు ఇవిగో. ఆ కాగితంలో లేదని ఉన్నది అబద్ధం.”

ఆయన ఉలిక్కిపడతాడనుకున్నాను. పరికరం పళ్ళెంలో పెట్టి, మాస్కు కిందికి లాగి, ఎంతో మర్యాదగా, “తెలుసమ్మా,” అన్నాడు. “మెడ చూస్తే తెలీదాండీ?”

“తెలిసీ...”

“మీరు లేదని పెట్టారు కదా. మీరు లేదంటే మా రికార్డులో లేనట్టే. పేషెంటుకి పళ్ళు కావాలి, రిస్కు మీది. సంతకం కూడా అయింది. చాలామందికి ఏం కాదమ్మా, మీరు కంగారుపడి ఆవిడ్ని కంగారు పెట్టకండి.”

ఇంతసేపూ నేను దాచామనుకున్నాను. బస్సులో, మెట్ల మీద, కుర్చీలో, ఒక పెద్ద దొంగతనం ఒడిలో పెట్టుకు కూర్చున్నాననుకున్నాను. దాచిందేం లేదు. మావయ్యకి తెలుసు, అమ్మకి తెలుసు, నాకు తెలుసు, ఈయనకి తెలుసు, తల ఎత్తని ఆ నిర్మలకి కూడా తెలిసే ఉంటుంది. అందరికీ తెలిసిన దాన్ని లేదని రాయడానికి మాత్రం ఒక గడి, ఆ గడి మాచేత నింపించడానికి ఒక కాగితం. చేతిలో ఫైలు ఆయన మొహానికేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. అందులో దవడ మోతాదు కాగితం ఉంది, అది నలగకూడదు.

అమ్మ లేచి కూర్చుంటోంది. మెడ కింద కట్టిన నీలం గుడ్డని ముడి విప్పకుండా లాగేసింది. కింది పెదవి ఒకవైపు జారిపోయి, మాట ముద్దగా వచ్చింది. “తెలిసే దించుతున్నావా బాబూ?” ఆయన నవ్వబోయాడు. “మీరే కావాలన్నారు కదమ్మా.”

“ఎముక పుచ్చితే ఎవరు చూస్తారు?”

“అది... మీ గుంటూరు వాళ్ళే చూస్తారు కదండీ.”

అమ్మ కాళ్ళు కిందికి దించి చెప్పుల కోసం వెతికింది. తలుపు దగ్గర మావయ్య చేతులు నలుపుకుంటూ, “అక్కా, ఒక్కసారి ఆలోచించక్కా, మళ్ళీ ఇంకెవరూ వెయ్యరే,” అంటున్నాడు, ఆయన కళ్ళల్లో నీళ్ళు, నా వంక చూడటం లేదు. అమ్మ ఆయన్ని దాటుకుంటూ వచ్చేసింది. కొంగు మెడకి కప్పుకోలేదు. బయట కుర్చీల్లో వాళ్ళంతా ఆ మెడ చూశారు, చెంప పట్టుకున్న ముసలావిడ చెయ్యి దించేసింది. చూడనీ. ఎదురుగా చూసుకుంటూ నడిచింది.

మెట్ల మలుపులో రైలింగు పట్టుకుని ఆగింది. నేను రెండు మెట్లు పైన. ఇప్పుడు ఏదో అంటుంది, ఒట్టు తప్పావంటుంది, పోనీలే మంచిపని చేశావంటుంది, నాకు రెండూ వద్దు, అయినా ఎదురుచూశాను. వెనక్కి తిరక్కుండానే అంది, “నోటినిండా పళ్ళున్నదానివి. చెప్తావు. నీకేం.”

అవును. నాకున్నాయి. ఇరవై ఎనిమిది, ఒక్కటీ పుచ్చలేదు. కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను, బ్యారన్ మీదా, కార్డు మీదా, పైనున్న ఆ మర్యాదస్తుడి మీదా, ఈవిడ మీదా. ఈవిడ మీద కూడా. “సోమవారం గుంటూరు వెళ్దాం,” అన్నాను.

“కుదరదంటారు.”

“అననీ. ఎక్కడ కుదరదో, ఎక్కడ కుదురుతుందో, నీ ఎముక నీకు చూపించి చెప్పమందాం. నాకు కాదు. నీకే చెప్పమందాం.”

తిమ్మిరెక్కిన పెదవి చివర నుంచి లోపల నోరు కడిగిన మందు నీళ్ళు కారుతున్నాయి, ఆవిడకి తెలియడం లేదు. కిందికి దిగి కొంగు చివర పట్టుకుని తుడవబోయాను. చెయ్యి తోసేసింది. గట్టిగానే తోసింది. తనే తడుముకుని, ఎక్కడ కారుతోందో వెతుక్కుని, మోచేత్తో తుడుచుకుంది. తరవాత ఒక మెట్టు దిగింది, ఆగింది, నేను కదలకపోవడం చూసి, “సోమవారం ఎన్నింటికి బస్సు?” అంది.